నూరేళ్ళ బూట్లు

గుర్రపుస్వారీ బూట్లు ఎన్నాళ్ళు రావాలి అని ఎవరైనా అడిగితే చాలు, వీధి చివర బూట్లు కుట్టే పెద్దాయనకి జవాబు నాలుక చివరే ఉండేది.

"నూరేళ్ళు! నేను కుట్టినవైతే నూరేళ్ళు. ఆ తర్వాత కూడా బాగానే ఉంటాయి గానీ, తొడుక్కునే కాళ్ళు దొరకొద్దూ!"

అందుకే అందరూ ఆయన్ని నూరేళ్ళాయన అనేవారు. చాటుమాటుగా కాదు, ముఖం మీదే. ఆయనకి అది బిరుదులా వినిపించేది. వినగానే మీసం దువ్వుకునేవాడు.

ఆయన దుకాణం ఒక ఇరుకు గది. వెనక తలుపు తీస్తే ఇల్లు, ముందు తలుపు తీస్తే వీధి. దూలానికి బూట్లకి అచ్చులుగా వాడే కొయ్య పాదాలు జతలు జతలుగా వేలాడుతుంటాయి. గది నిండా మైనం వాసన, పచ్చి తోలు వాసన. ఆ వాసనలో కూర్చుని ఆయన కోసిన తోలు ఒక వంతైతే, కోసిన కోతలు మూడు వంతులు. ఆ కోతల్లో చేప కథ తెలియనివాడు ఆ చుట్టుపక్కల లేడు. ఒక రౌతు ఏరు దాటుతూ కొట్టుకుపోయాడట. మనిషి ఈదుకుని ఒడ్డుకొచ్చాడు, బూట్లు మాత్రం నీళ్ళలో పోయాయి. కొన్నేళ్ళకి అవి ఒక జాలరి వలలో పడ్డాయి. తీసి చూస్తే ఒకదాంట్లో పాపం ఒక చేప! "బాబ్బాబూ, నన్ను బయటికి తీయండి. ఇందులోకి దూరినప్పటి నుంచీ ఒక్క చుక్క నీరు లోపలికి కారలేదు, దాహంతో చచ్చిపోతున్నాను" అందట. నమ్మితే నమ్మండి, లేకపోతే ఆ చేపనే అడగండి అనేవాడు.

ఇంత గొప్ప బూట్లూ అప్పుడప్పుడూ చిరిగేవి. చిరిగిన బూటు పట్టుకుని ఎవరైనా గుమ్మం ఎక్కితే పెద్దాయన దాన్ని చేత్తో కూడా ముట్టుకునేవాడు కాదు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని మూడు ప్రశ్నలు వేసేవాడు.

"లద్దెలో తిరిగావా? పొయ్యి దగ్గర ఆరబెట్టావా? నూనె రాయడం మానేశావా?"

గుర్రాలతో బతికేవాడు లద్దెలో తిరగక ఆకాశంలో తిరుగుతాడా? వానాకాలంలో తడిసిన బూటుని ఒక్కసారైనా పొయ్యి పక్కన పెట్టనివాడు ఉంటాడా? పోనీ ఆ రెండూ దాటినా మూడో ప్రశ్న దగ్గర ఎంతటివాడైనా నీళ్ళు నమలాల్సిందే. వచ్చినవాడు తల వంచుకునేవాడు. పెద్దాయన కుట్టు వేసిచ్చి, పాఠం ఊరికే చెప్పి పంపేవాడు. ప్రశ్నలు మంచివే, వాటిలో తప్పు లేదు. గుర్రం మూత్రం దారాన్ని తినేస్తుంది, సెగ తోలుని పెళుసు చేస్తుంది, నూనె లేని తోలు ముడత పడ్డచోటల్లా పగులుతుంది. చిక్కల్లా ఒకటే. ఆ ప్రశ్నలు ఆయన చేతిలో ఎప్పుడూ ఎదుటివాడి వైపే తిరిగి ఉండేవి.

పెద్దాయన కొడుకు లారీ నడిపేవాడు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉండేవాడు. కోడలు ఊరి చివర గుర్రపుశాలలో పని చేసేది. పొద్దున్నే లద్దె ఎత్తడం, గుర్రాలకి నీళ్ళు పెట్టడం, ఒళ్ళు రుద్దడం, నడిపించడం. ఎండైనా వానైనా ఆరుబయటే. ఉన్నది ఒకటే జత బూట్లు. లద్దె ఎత్తేటప్పుడూ అవే, గుర్రం ఎక్కేటప్పుడూ అవే. మామగారే కుట్టిచ్చాడు.

ఈమధ్య ఆ గుర్రపుశాలలో జీన్ల గది చూసే ముసలాయన మోకాళ్ళ నొప్పులతో పని మానుకున్నాడు. జీన్ల గదంటే జీన్లు, కళ్ళేలు, పగ్గాలు అన్నీ వరసగా తగిలించి ఉండే గది. వాటిని తుడిచి, నూనె పట్టించి, తెగిన కుట్టు కనిపెట్టి చెప్పాలి. నెత్తిన కప్పు, కూర్చోడానికి కుర్చీ, వెలుతురుకి కిటికీ. కోడలు ఆ గది గురించి అత్తగారికి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పేది, గట్టిగా అంటే ఎగిరిపోతుందేమో అన్నట్టు. యజమానురాలు కూడా ఒకటి రెండుసార్లు "నీ చెయ్యి శుభ్రమైన చెయ్యి" అని అన్నదట. ఆ వారమే ఎవరికిస్తారో తేల్చేస్తారని మాట.

అదిగో, ఆ వారంలోనే వచ్చింది ముప్పు.

బాగుచేసిన జీను పట్టీలు ఇవ్వడానికి పెద్దాయన ఆ పొద్దున గుర్రపుశాలకి వెళ్ళాడు. ఆవరణలో జనం బాగానే ఉన్నారు. నాడాలు కొట్టేవాడు ఒక గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. యజమానురాలు గుమ్మంలో నిలబడి ఉంది. కోడలు తెల్ల గుర్రాన్ని బయటికి తెచ్చి, ఎక్కడానికి ఎడమ కాలు రికాబులో పెట్టి ఒంటి బరువంతా దాని మీద వేసింది.

పటుక్కుమంది.

చీలమండ దగ్గర బూటు నోరు తెరిచింది. లోపలి మేజోడు లోకాన్ని చూసింది.

నాడాలు కొట్టేవాడికి సుత్తి కంటే నోరు పదును. "ఏం పెద్దాయనా! నూరేళ్ళూ అప్పుడే నిండిపోయాయా పాపం?"

"లోపల చేప ఉందేమో చూడండ్రా, దాహంగా ఉందంటుంది!" అన్నాడు గడ్డి మోసేవాడొకడు.

ఆవరణంతా గొల్లుమంది. ఒకటి రెండు గుర్రాలు కూడా సకిలించాయి. అవి కూడా తనని చూసే సకిలించాయని పెద్దాయనకి ఇప్పటికీ అనుమానం. ముఖంలోకి రక్తం వేడిగా పాకింది. ఇన్నేళ్ళూ ఎవరినీ తనని చూసి నవ్వనివ్వని మనిషి. ఏం చేయాలో తోచలేదు. అలవాటైన పనే చేశాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి కోడలి వైపు తిరిగాడు.

"లద్దెలో తిరిగావా?"

కోడలు గుర్రం మెడ మీద చెయ్యి వేసుకుని ఆయన్ని చూసింది. చుట్టూ నవ్వుతున్నవాళ్ళనీ చూసింది.

"అవును మామయ్యా."

"పొయ్యి దగ్గర ఆరబెట్టావా?"

ఈసారి జవాబు కొంచెం ఆలస్యమైంది. "పెట్టాను మామయ్యా."

"నూనె?"

"రాయలేదు."

"విన్నారా!" అన్నాడు పెద్దాయన చేతులు చాపి, ఊరంతటికీ వినబడేలా. "ఇంకేం బతుకుతుందయ్యా తోలు? నా ఇంటి మనిషైనా సరే, తప్పు తప్పే. నేను మొహమాటపడే రకం కాదు."

యజమానురాలు తన కాళ్ళ వైపు చూసుకుంది. ఆవిడ బూట్లు నిన్న దుకాణంలోంచి దిగినట్టున్నాయి. "నావీ అప్పుడే కుట్టావు కదూ?" అంది.

పెద్దాయన ఆ మాట కోసమే కాచుకున్నట్టు అందుకున్నాడు. "అప్పుడే అమ్మగారూ! అదే నెల, ఇదే చెయ్యి, అదే తోలు. ఒక్క చర్మంలోంచే రెండు జతలూ కోశాను. మీవి చూడండి, ఇవి చూడండి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

ఆవిడ తల ఊపింది. "తన కాళ్ళ మీది తోలే చూసుకోని మనిషికి గదినిండా జీన్లు ఎలా అప్పగిస్తాం" అంది. కోపంగా కాదు, తనలో తను అనుకున్నట్టు. అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట పెద్దాయనకి అప్పుడు తన బూట్లకి పొగడ్తగానే వినిపించింది. దారిలో మాత్రం బూటు లోపల పైకి లేచిన మేకులా గుచ్చడం మొదలెట్టింది. ఇంటికి చేరేసరికి మనసు కుంటుతోంది.

సాయంత్రం కోడలు ఎవరివో రబ్బరు బూట్లు అడిగి తొడుక్కుని వచ్చింది. చిరిగిన జత దుకాణంలో పీట కింద పెట్టి, చేతులు కడుక్కుని వంటగదిలోకి వెళ్ళింది. పెద్దాయన భార్య అన్నం వడ్డించింది. గరిటె ఎప్పటికంటే గట్టిగా చప్పుడు చేసింది.

"జీన్ల గది ఇంక పోయినట్టేనట" అంది.

"నేనేం చేశానే? అడిగాను, చెప్పింది."

"అడిగావు" అంది ఆవిడ. ఆ ఒక్క మాటే. మజ్జిగ కూడా పోయలేదు.

మర్నాడు పొద్దున దుకాణం తలుపులు తెరవకుండానే పెద్దాయన ఆ బూట్లు ఒళ్ళో పెట్టుకున్నాడు. కొత్త ముక్క వేసి కుట్టేద్దాం, గొడవ వదిలిపోతుంది అనుకున్నాడు. కత్తితో కుట్లు విప్పాడు. విప్పుతుంటే చెయ్యి నెమ్మదించింది.

లద్దెలో తిరిగిన బూటుకి కుట్ల వెంట తెల్లటి ఉప్పు పొర కట్టి ఉంటుంది, దారం ముట్టుకుంటే పొడి అయిపోతుంది. ఇక్కడ కుట్లు కడిగిన పళ్ళెంలా ఉన్నాయి, దారం లాగితే మోగుతోంది. లద్దెలో తిరిగింది, నిజమే. తిరిగిన ప్రతిరోజూ కడిగింది. పొయ్యి దగ్గర పెట్టిన బూటు లోపలి అట్ట అప్పడంలా వంకర్లు పోవాలి. ఇది కొయ్యబల్లలా సాపుగా ఉంది. మడతల సందుల్లో పాత కాగితం పీచులు దొరికాయి. తడిసినప్పుడల్లా లోపల కాగితాలు కూరి నీడలో ఆరబెట్టిందన్నమాట. ఇక నూనె మాట చెప్పక్కర్లేదు, తోలు రెండు వైపులా మెత్తగా తాగి ఉంది. ఇంత ఒద్దికగా చూసుకున్న బూటు తన జన్మలో ఆయన చేతికి రాలేదు.

మూడు ప్రశ్నల్లో రెండింటికి అబద్ధం చెప్పింది పిల్ల.

మరి బూటెందుకు చిరిగింది? పెద్దాయన తోలుని బొటనవేలూ చూపుడువేలూ మధ్య నొక్కాడు. మెత్తగా, వదులుగా, పాత దుప్పటి అంచులా ముడతలు ముడతలుగా కదిలింది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా అంతే.

పొట్ట తోలు.

చర్మం అంతా ఒకటే అనుకుంటారు గానీ, వీపు మీది తోలు వేరు, పొట్ట మీది తోలు వేరు. వీపు తోలు గట్టిది, ఒత్తుగా ఉంటుంది, ఎన్నిసార్లు వంగినా తిరిగి నిలబడుతుంది. పొట్ట తోలైతే పశువు తిన్నప్పుడు సాగి, పస్తున్నప్పుడు ముడుచుకునే తోలు. దానికి సాగడమే తెలుసు. సంచులకి పనికొస్తుంది, పట్టీల అడుగున పనికొస్తుంది. రోజూ వంగే చీలమండ మీద వేస్తే ఎంత నూనె రాసినా ఏదో ఒకరోజు పగిలి తీరుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. గుర్తొచ్చింది అనడం కూడా ఎక్కువే, ఎందుకంటే ఆరోజు అదో సంగతిగా ఆయన మనసులో పడనేలేదు. యజమానురాలి బూట్లకి వీపంతా కోసుకున్నాడు. మంచి మంచి ముక్కలు తీసుకోగా రెండు పక్కలా పొట్ట మిగిలింది. "ఇది కోడలికి సరిపోతుందిలే" అనుకున్నాడు. ఇంటి మనిషి, నొక్కి చూడదు, చూసినా అడగదు. పైన మైనం దట్టించి నిగనిగలాడించి ఇచ్చాడు. ఆ పిల్ల రెండు చేతులా అందుకుని, "ఎంత బావున్నాయి మామయ్యా" అని కళ్ళకద్దుకుంది. ఆ సాయంత్రం ఆయన చేప కథ ఇంకోసారి చెప్పాడు కూడా.

బూటు ఒళ్ళో అలాగే ఉంది. దూలానికి వేలాడే కొయ్య పాదాలన్నీ తన వైపే వేళ్ళు చూపిస్తున్నట్టు అనిపించి తల పైకెత్తలేకపోయాడు.

వెనక తలుపు దగ్గర కోడలు చెప్పులు వేసుకుంటోంది, పనికి పోవడానికి. ఆయన మెల్లగా పిలిచాడు. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. విప్పిన బూటు చూసింది.

"నీకు కొత్త జత కుట్టి ఇస్తాను. మంచి వీపు తోలుతో. ఎవరితోనూ అనకు" అన్నాడు.

"వద్దులే మామయ్యా. కొత్తవి తొడుక్కుని లద్దె ఎత్తితే లద్దె ఏమన్నా తగ్గుతుందా?"

నవ్వుతూనే అంది. ఆ నవ్వే ఆయనకి తగలరాని చోట తగిలింది.

"మరి నువ్వెందుకలా అన్నావు? కాదు అనొచ్చుగా!"

"అందామనే అనుకున్నా. రెండో ప్రశ్నకి నోటిదాకా వచ్చింది. అంతమంది మధ్యలో మీ ముఖం చూశాను మామయ్యా. నాకైతే ఒక గది పోతుంది. మీకైతే ఊరే పోతుంది కదా అనిపించింది."

"ఇది పొట్ట తోలని నీకు తెలుసా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "నాకేం తెలుసు? మీరిచ్చారు, తొడుక్కున్నాను. ఎంత కడిగినా ఎందుకు పగుళ్ళొస్తున్నాయో అర్థం కాక, నా కాళ్ళదే తప్పేమో అనుకున్నాను."

తన కాళ్ళదే తప్పేమో అనుకుందట! పెద్దాయన చేతిలో కత్తి జారి నేల మీద పడింది. వంగి వెతికాడు. కావలసినదాని కంటే ఎక్కువసేపే వెతికాడు.

కోడలు బయల్దేరిన కాసేపటికి ఆయన కూడా బయల్దేరాడు, విప్పిన బూటు గుడ్డలో చుట్టుకుని. దారిలో ఇద్దరు ముగ్గురు "ఏం నూరేళ్ళాయనా" అని పలకరించారు. ఇన్నాళ్ళూ బిరుదులా వినిపించిన మాట ఆరోజు వెనకనుంచి రాయి విసిరినట్టు వినిపించింది.

గుర్రపుశాలలో అందరూ ఉన్నారు. నిన్న నవ్వినవాళ్ళు ఒక్కరూ తగ్గలేదు. ఆయన యజమానురాలి ఎదురుగా నిలబడి గుడ్డ విప్పాడు. నోరు మాత్రం పాత దారే పట్టింది.

"అమ్మగారూ, ఒకప్పుడు ఒక రౌతు ఏరు దాటుతూ..."

"అయ్యో పెద్దాయనా, ఆ చేపని ఇంకా చావనివ్వవా!" అన్నాడు నాడాలు కొట్టేవాడు.

పెద్దాయన ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టేసరికి ఆ గొంతు ఆయనకే కొత్తగా ఉంది.

"కథ కాదులే. నిన్న ఒక చర్మంలోంచే రెండు జతలూ కోశానన్నాను. అది నిజమే. అబద్ధమై ఉంటే కాస్త నయంగా ఉండేది. ఆ చర్మంలో వీపు మీకు కోశాను. పొట్ట కోడలికి కోశాను. ఇదిగో, నొక్కి చూడండి. ఈ తోలుని బంగారంలా చూసుకున్నా ఇంతకంటే ఎక్కువ రాదు. కోడలు బంగారంలానే చూసుకుంది. కుట్లు చూడండి, అట్ట చూడండి. అడిగినదానికల్లా అవునంది, నా పరువు కోసం."

యజమానురాలు బూటు అందుకుని రెండు వేళ్ళ మధ్య నొక్కింది. వంగి తన బూటూ నొక్కుకుంది. మళ్ళీ దీన్ని నొక్కింది.

"ఎందుకలా కోశావు?"

"ఇంటి మనిషి. అడగదని."

ఎవరూ నవ్వలేదు. ఒక్కరు నవ్వినా బావుండేదనిపించింది ఆయనకి. నవ్వితే ముఖం ఎర్రబడుతుంది, కోపం వస్తుంది, కోపంలో దాక్కోవచ్చు. నాడాలు కొట్టేవాడు కూడా సుత్తి కింద పెట్టి గుర్రం డెక్క వైపే చూస్తూ కూర్చున్నాడు. దాక్కోడానికి చోటు లేకుండా పోయింది.

యజమానురాలు కోడలి వైపు తిరిగింది. "మామగారు అడిగితే నిన్న అవునన్నావు. ఇప్పుడు నేనడుగుతున్నాను. సాయంత్రం ఇంటికెళ్ళాక ఈ బూట్లని ఏం చేసేదానివి?"

కోడలు చేతిలో పార పట్టుకునే చెప్పింది. తడిగుడ్డతో తుడవడం, కుట్ల సందుల్లో పాత పళ్ళ బ్రష్షుతో రుద్దడం, కాగితాలు కూరడం, వసారాలో గాలికి పెట్టడం, పొడిబారాక నూనె. చెబుతున్నంతసేపూ పెద్దాయన నేల చూపులే చూశాడు. ఆ వసారాలోనే రోజూ ఆయన పడక్కుర్చీ. ఆ పిల్ల పక్కన కూర్చుని బూట్లు రుద్దుకుంటుంటే, ఈయన వీధిన పోయేవాళ్ళని పిలిచి మరీ కోతలు కోసేవాడు. ఒక్కనాడూ అటు తల తిప్పి చూడలేదు.

"పార అక్కడ పెట్టు. జీన్ల గది తాళంచెవి లోపల మేకుకి ఉంది, తీసుకో" అంది యజమానురాలు. బూటు పెద్దాయన చేతిలో పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆయన గేటు దాకా వచ్చాక వెనకనుంచి నాడాలు కొట్టేవాడు పిలిచాడు. "పెద్దాయనా! నాకూ ఓసారి మూడు ప్రశ్నలే వేసి పంపావు. నావి ఏ తోలంటావు?"

"నాకు గుర్తులేదు" అన్నాడు పెద్దాయన. "తీసుకురా, విప్పి చూద్దాం."

వాడొక్కడే కాదు, చాలామంది తెచ్చారు. పాత జతలు దుకాణం ముందు గుట్టపడ్డాయి. ఒక్కొక్కటే విప్పాడు. కొన్ని నిజంగానే లద్దె తినేసినవి, కొన్ని సెగకి ఎండినవి. కొన్నిట్లో, నాలుక పట్టీలోనో మడమ వెనకో, మిగులు ముక్క వేసిన తన చెయ్యే దొరికింది. వాటిని మాట్లాడకుండా మార్చి కుట్టిచ్చాడు. నాడాలు కొట్టేవాడి బూట్లకి తోలు దోషం ఏమీ లేదు. కొలిమికి కాళ్ళు చాపుకుని కూర్చుని ముందుభాగం బొగ్గులా కాల్చుకున్నాడు. ఇదివరకైతే పెద్దాయన దాని మీద వారం రోజులకి సరిపడా కథ అల్లేవాడు. ఈసారి కొత్త ముక్క వేసి ఇచ్చేశాడు. నాడాలు కొట్టేవాడు కాసేపు నిలబడి, "ఏంటి, ఒక్క మాటైనా తిట్టవా?" అని నిరాశగా వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఎవరైనా బూట్లు ఎన్నాళ్ళు రావాలి అని అడిగితే జవాబు వెంటనే రాదు. "స్వారీకి మాత్రమే వాడి, అరిగిన అడుగులు మార్పించుకుంటూ ఉంటే పదేళ్ళు దాటి రావాలి. రోజూ లద్దెలో తిరిగేవైతే, కడిగి చూసుకుంటే రెండు మూడేళ్ళు. అదీ తోలు మంచిదైతే" అంటాడు. చివరి ముక్క అనేటప్పుడు గొంతు తగ్గుతుంది.

కోడలికి కొత్త జత కుట్టాడు. కొత్త చర్మం నడి వీపులోంచి, అంచులు తగలకుండా కోశాడు. ఇంకెవరికీ అంత మంచి ముక్క ఎప్పుడూ కోయలేదు. పూర్తయ్యాక వసారాలోకి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. జీన్ల గదిలో పని మొదలెట్టాక ఆమె వేళ్ళకి తోలు తెలిసొచ్చింది. బూట్లు రెండు చేతులా అందుకుంది. "ఎంత బావున్నాయి మామయ్యా" అంది, ఎప్పటిలాగే.

తర్వాత, తొడుక్కోబోయే ముందు, బొటనవేలూ చూపుడువేలూ మధ్య చీలమండ దగ్గర తోలుని నొక్కి చూసింది.

ఆమె కావాలని చేయలేదు. అలవాటు కొద్దీ చెయ్యి అలా పోయింది, అంతే. తర్వాత మామూలుగా కాలు దూర్చి, లేచి నాలుగడుగులు వేసి చూసుకుంది.

పెద్దాయన పడక్కుర్చీలో కూర్చున్నాడు. వీధిన ఎవరో పోతూ "ఏం నూరేళ్ళాయనా, ఏంటి విశేషాలు?" అని కేకేశారు. ఆయన విననట్టు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.